లామినేషన్ చేయించిన అయిదు మాటలు

మా పాపకు అయిదు మాటలు అర్థమవుతాయని చెప్పడానికి నేనెప్పుడూ తడబడలేదు. రా, కూర్చో, ఇవ్వు, తీసుకో, చాలు. ఏడేళ్ల పిల్లకు అయిదేనా అని మొహం అదోలా పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మీ పిల్లలకు మాటలు వాటంతట అవే వచ్చాయి, మా పిల్లకు మేం తెచ్చిపెట్టాం, ఇందులో ఎవరిది గొప్ప అని అడిగేదాన్ని. అలా అడగడం మర్యాద కాదని నాకూ తెలుసు. అయినా అడిగేదాన్ని.

పాపకు ఆటిజం అని మూడో ఏట తెలిసింది. అప్పుడు మేం విశాఖపట్నంలో ఉండేవాళ్లం. అక్కడి థెరపీ టీచరు పెద్దావిడ, మహా కచ్చితమైన మనిషి. ఒక పనికి ఒకే మాట, అదీ ఒకే తీరులో, ఇంట్లో అందరి నోటా అదే రావాలి అన్నది ఆమె నియమం. మన చెవికి రా, రామ్మా, ఇలా రావే అన్నీ ఒకటే. పాపకు అవి మూడు వేర్వేరు చప్పుళ్లు. ఒకరు గది ఈ చివర కూర్చుని 'రా' అనాలి, ఇంకొకరు పాపను వెనకనుంచి భుజాలు పట్టి మెల్లగా నడిపించుకు రావాలి, వచ్చాక చేతిలో కాసిని మరమరాలు పెట్టాలి. మళ్లీ మొదటికి. ఆ ఒక్క అక్షరానికి ఏడాదిన్నర పట్టింది.

ఇంట్లో ఈ నియమాన్ని అమలు చేసే పోలీసును నేనే. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ముద్దుగా "రామ్మా" అంటే కళ్లెర్రజేసేదాన్ని. మా అమ్మ "రా తల్లీ, రారా బంగారూ" అని మొదలుపెడితే మధ్యలోనే ఆపేదాన్ని.

"మనవరాల్ని ముద్దుగా పిలుసుకోడానికి కూడా నీ పర్మిషన్ కావాలేటే?" అనేది అమ్మ.

"కావాలి," అనేదాన్ని.

అలాంటి సమయంలో మా ఆయనకు బ్యాంకులో బదిలీ అయింది, హనుమకొండకు. ఆయన ఒక్కడే వెళ్లి గది తీసుకుని ఉండడం, నేనూ పాపా విశాఖలోనే ఉండిపోవడం తేలికైన పని. మా అమ్మ, టీచరు, చుట్టాలు, అందరూ అదే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. పాప రోజూ సాయంత్రం ఆరు కాగానే గుమ్మం దగ్గర నిలబడి తండ్రి చెప్పులు విప్పే చోటునే చూస్తుంది. ఆ చోటు ఖాళీగా ఉంటే ఏమవుతుందో, ఆయన ట్రైనింగుకు వెళ్లిన నాలుగు రోజుల్లోనే చూశాను. ఆ నాలుగు రోజులూ పాప అన్నం ముట్టలేదు. కాబట్టి అందరం వెళ్తాం అన్నాను. మా ఆయన ఒక షరతు పెట్టాడు. మూడు నెలలు చూద్దాం, పాప కుదురుకోకపోతే మీరిద్దరూ విశాఖకు వచ్చేయాలి, నేను అక్కడే ఉంటాను అన్నాడు. సరే అన్నాను. నేను ఓడిపోతానని ఆ క్షణంలో నాకు అనుమానం కూడా లేదు.

జూన్‌లో దిగాం. హనుమకొండలో ఒక కిరాణా దుకాణం పైన వాటా దొరికింది. ఇంటావిడ అరవై దాటిన మనిషి. పొద్దున ఏడింటికి దుకాణం తెరిస్తే, మధ్యాహ్నం ఒక కునుకు తప్పించి, రాత్రిదాకా అక్కడే ఉండేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలవడం రెండోరోజే మొదలైంది. ఆంటీ అంటే పలకలేదు మరి.

"ఆంటీ ఏంది బిడ్డా, మంచిగ పెద్దమ్మ అను. నోరు నిండుగుంటది," అంది.

ఆమెకు అందరూ బిడ్డలే. నేనూ బిడ్డే, పాపా బిడ్డే, పాల ప్యాకెట్లు దింపే నడివయసాయనా బిడ్డే.

దిగిన వారానికే పాపను థెరపీ సెంటరుకు తీసుకెళ్లాను. నా చేతిలో ఫైలు ఉంది. రంగు రంగుల అట్టలతో విభాగాలు చేసి, మూడేళ్ల రిపోర్టులన్నీ వరసగా పెట్టిన ఫైలు. దాన్ని చూస్తే ఎవరైనా ఈమె గట్టి మనిషి అనుకోవాలని నా ఉద్దేశం. అక్కడ పాపను చూడడానికి వచ్చిన టీచరు పాతికేళ్ల అమ్మాయి. ఊరు పరకాల, రోజూ బస్సులో వచ్చిపోతుంది. ఫైలు తర్వాత చూస్తానని పక్కన పెట్టి, ముందు పాపతో కాసేపు కూర్చుంటానంది. నేను గాజు తలుపు అవతల కూర్చున్నాను.

"దా బిడ్డా, ఇటు దా," అంది ఆ అమ్మాయి.

పాప చాప అంచు దారాలు లెక్కపెడుతోంది. తల ఎత్తలేదు.

"ఈడ కూసో. కూసో బిడ్డా. గా బాలు ఇటియ్యి. ఇయ్యవా? సరే తియ్యి, గీ బొమ్మ తీస్కో."

అరగంట గడిచింది. పాప ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఆ అమ్మాయి బయటికి వచ్చి చాలా మెత్తగా, నాకు నొప్పి తగలకుండా, పిలిస్తే పలకడం లేదనీ, చెప్పింది అర్థం కావడం లేదనీ, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలనీ చెప్పింది. కాగితం మీద అప్పటికే అలా రాసేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి మెట్టా? ఏడాదిన్నర! నేను ఆ అమ్మాయిని దాటుకుని లోపలికి వెళ్లి, గదికి ఈ చివర నిలబడి, "రా" అన్నాను. పాప దారాలు వదిలేసి లేచి వచ్చి నా ముందు నిలబడింది. "కూర్చో" అన్నాను. కూర్చుంది. "ఇవ్వు" అని చెయ్యి చాపాను. చేతిలో ఉన్న పూస ఇచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి ఆ అమ్మాయి వైపు చూశాను. ఎలా చూశానో నాకు తెలుసు. ఇప్పటికీ తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

ఆ అమ్మాయి మాత్రం నొచ్చుకోలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"అయ్యో మేడం, గంతేనా! మీది అటు దిక్కు తెలుగు గదా. జర ముందే చెప్తే అయిపోవు."

రాసిన కాగితాన్ని చింపేసింది. పాప రెండు మెట్లు పైన మొదలైంది. నేను ఇంటికి వస్తూ దారిలో ఒక జెరాక్స్ షాపు దగ్గర ఆటో ఆపించాను. తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో 'పాపతో ఇలాగే మాట్లాడండి' అని పైన, కింద అయిదు మాటలు, వాటి కింద 'దయచేసి వేరే మాటలు వాడవద్దు' అని టైపు చేయించి, ఆరు కాపీలు తీయించి, తడవకుండా లామినేషన్ కూడా చేయించాను. ఒకటి సెంటరుకు, ఒకటి రోజూ వచ్చే ఆటో ఆయనకు, ఒకటి గిన్నెలు తోమే ఆమెకు, రెండు మా ఇంటి గోడలకు. ఆరోది కింద దుకాణానికి.

పెద్దమ్మ ఆ అట్టను దూరంగా పట్టుకుని ఒక్కో మాటా పైకి చదివింది. చదివాక నా మొహం వైపు చూసింది.

"అంటే మేం మాట్లాడేది బాగలేదా బిడ్డా?"

నేను పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. పాప మెదడు ఎలా పనిచేస్తుందో, ఒకే మాట ఎందుకు వాడాలో, మాట మారితే ఎంత గందరగోళం అవుతుందో. ఆమె ఓపికగా విన్నది.

"సరే తీ. నీ బిడ్డ, నీ ఇష్టం," అని అట్టను సబ్బుల అర పక్కన మేకుకు తగిలించింది.

తగిలించి మర్చిపోయింది. పాప సాయంత్రాలు దుకాణంలో పెసల బస్తా ముందు కూర్చుని, చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆ చల్లదనంలో అలాగే ఉంచుకునేది. పెద్దమ్మ "దా బిడ్డా, పీట మీద కూసో" అనేది. నేను మెట్ల మీద నుంచి "పెద్దమ్మా!" అని అరిచేదాన్ని. ఆమె నాలిక్కరుచుకునేది. "అరవై ఏండ్ల నోరు బిడ్డా, యాడికని మలుపుత?" అనేది. మర్నాడు మళ్లీ "దా" అనేది.

పరకాల అమ్మాయి మాత్రం అక్షరం పొల్లు పోకుండా పాటించింది. "రా. కూర్చో. ఇవ్వు." ఆమె నోట ఆ మాటలు బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్టు ఉండేవి. ఇంట్లో కూడా అలవాటై తమ్ముణ్ణి "కూర్చో" అందట, వాళ్లమ్మ పడీ పడీ నవ్విందట. "మా అమ్మ అంటాంది మేడం, నువ్వు సినిమాల్ల మాట్లాడుతానవా అని." నేనూ నవ్వాను. ఒక ఊరి మనిషి నోరు తిప్పించగలిగానన్న గర్వం ఆ నవ్వులో ఉందని అప్పుడు నాకు తెలియలేదు.

ఇంకొక పని కూడా చేశాను. పిల్లల వైద్యం కారణంగా బదిలీ కోరుకునే వెసులుబాటు బ్యాంకులో ఉంది. మొదటి వారం ఆ రిపోర్టు దెబ్బకు కోపంలో ఉన్నప్పుడే, విశాఖకు వెనక్కి పంపమని మా ఆయన తరఫున ఒక అర్జీ రాశాను. ఇక్కడి మాట పాపకు అర్థం కాదని, ఇన్నేళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుందని, అలవాటైన టీచరు, అలవాటైన భాష ఉన్నచోటే పాప నిలబడుతుందని రాశాను. నేను రాసిన కాగితాల్లో అంత బాగా కుదిరినది మరొకటి లేదు. మా ఆయన చదివి, దీన్ని కాదనే మగాడు హెడ్డాఫీసులో లేడన్నాడు. సంతకం పెట్టి పంపించాడు. తర్వాత సెంటరులో అంతా చక్కబడింది కాబట్టి మేం దాని సంగతి పట్టించుకోలేదు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆగస్టు చివరికి మూడు నెలల గడువు పూర్తి కావచ్చింది. పాప సెంటరులో ముగ్గురు పిల్లలతో కలిసి బల్ల ముందు కూర్చుంటోంది. నేను గెలిచినట్టే.

ఒక సాయంత్రం అయిదు గంటలవేళ వాన వచ్చేలా ఉంటే, డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లాను. పాప కింద బస్తా దగ్గర ఉంది. పెద్దమ్మ ఎవరికో నూనె పోస్తోంది. బట్టలు భుజాన వేసుకుని పిట్టగోడ మీదుగా కిందికి చూస్తే, మా వీధి చివర, మెయిన్ రోడ్డు వైపు, పాప పసుపు గౌను కనిపించింది. రోడ్డుకు అవతల చెరుకు రసం బండి ఉంది. దాని చక్రం తిరుగుతోంది. తిరిగే వస్తువు ఏదైనా సరే, పాపకు ఇక లోకంతో పని లేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. చెప్పుల్లేవు. పరిగెడుతుంటే వీధి వీధంతా అరవడం వినబడుతోంది. "ఓ బిడ్డా! ఏడికి పోతానవ్? ఇటు దా!" అని పంక్చర్ షాపతను. "పాపా, దా! బస్సొస్తాంది, ఎనుకకు దా!" అని ఆటోలోంచి ఎవరో. టైలరు, పూలమ్మే ఆమె, ముక్కూ మొహం తెలియని వాళ్లు, అందరూ పిలుస్తున్నారు. అందరూ సరైన మాటతోనే పిలుస్తున్నారు. పాప నడక ఆగడం లేదు. ఆ చప్పుళ్లలో ఒక్కటి కూడా తనది కాదు. నేను "రా! రా!" అని గొంతు చించుకున్నాను గానీ, బస్సు హారన్‌లో అది నాకే వినబడలేదు. 'ఆగు' అనే మాటదాకా మా పాఠం ఇంకా రానేలేదు.

రోడ్డు అంచున జామకాయల బండి పెట్టుకునే ఆమె తక్కెడ పడేసి, ఒక్క అంగలో పాప రెక్క పట్టుకుంది. కొత్త చెయ్యి తగిలేసరికి పాప వంగి ఆ చేతిని కరిచింది. గట్టిగా కరిచింది. నేను వెళ్లేసరికి రక్తం కనబడుతోంది. ఆమె మాత్రం పట్టు వదల్లేదు. బస్సు మా ముందునుంచే పోయింది.

పాపను ఎత్తుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె తన చెయ్యి చీరకొంగుతో తుడుచుకుంటూ అడిగింది.

"గింతమందిమి పిలుస్తానం, తిరిగి సూడది. చెవులు ఇనరావా బిడ్డకు?"

"వినిపిస్తాయి," అన్నాను. "మీ మాట తెలియదు. మా మాటలే తెలుసు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మా మాట తెల్వదా? మరి ఉండేది ఈడనే గదా అమ్మా?"

టీటీ సూది వేయిస్తాను, ఆసుపత్రికి వెళ్దాం రమ్మని ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు. "దవాఖాన లేదు గివాఖాన లేదు. నా పిల్లలు గిట్ల కొరకలేదా? పో, వాన వస్తాంది," అని మమ్మల్ని పంపించేసింది.

ఇంటికి వస్తే పెద్దమ్మ దుకాణం ముందు నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, తప్పంతా తనదేనని నెత్తి కొట్టుకుంది. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఆ అట్ట సబ్బుల పక్కన మెరుస్తూ కనబడింది. 'దయచేసి వేరే మాటలు వాడవద్దు.' నా పిల్ల బస్సు కిందికి నడిచిపోతుంటే కాపాడడానికి అరిచిన మాట ఒక్కటీ వాడవద్దని నేనే రాసి, తడవకుండా చేయించి, గోడకు పెట్టించాను. మేకు నుంచి ఊడబెరికి తీసుకుపోయాను.

ఆ రాత్రి మా ఆయన పాప పక్కనే కూర్చున్నాడు. "మీరిద్దరూ వెళ్లిపోండి," అన్నాడు. "నాకు భయంగా ఉంది." ఆయన భయం న్యాయమైనదే. గడువు కూడా అయిపోయింది. అయినా ఆ జామకాయలామె అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా ఒక ప్రశ్నను వదిలేసి పోవడం నాకు పుట్టుకతో చేతకాదు. ఇంకో ఆరు నెలలు ఇవ్వమన్నాను. ఈలోగా పాప ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండదని మాటిచ్చాను. దుకాణానికి అడ్డంగా నడుమెత్తు చెక్క తలుపు పెద్దమ్మే పెట్టించింది.

మర్నాడు సెంటరులో పరకాల అమ్మాయికి జరిగిందంతా చెప్పాను.

"నాకు ముందు నుంచి అనిపిస్తనే ఉంది మేడం. బయట ఎవలు గట్ల పిలుస్తరు ఈ పిల్లను అని. మీకు చెప్పాల్నంటే భయమయ్యేది."

"నేనంత భయంకరంగా ఉంటానా?"

"ఫైలు పట్టుకున్నప్పుడు ఉంటరు," అంది.

ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను. తర్వాత ఆమె పద్ధతి చెప్పింది. మొదట 'రా' అని, వెంటనే 'దా' అనాలి. రెండింటినీ కలిపి కొన్ని వారాలు. తర్వాత 'రా'ను కొంచెం కొంచెం మెల్లగా పలుకుతూ, 'దా'ను పైకి తేవాలి. చివరికి పాత మాట పెదవుల మీదే ఆగిపోవాలి. ఇదంతా మళ్లీ మొదట నేనే చేయాలి, ఎందుకంటే పాప ముందుగా నమ్మేది నన్నే.

చేయడం మాట అటుంచి, నాకసలు అనడమే రాలేదు. 'దా' అంటే మాటేముంది, ఒక అక్షరమే కదా అనుకుంటాం. నా నోట అది పోలీసు ఆర్డరులా వచ్చేది. పెద్దమ్మ దుకాణంలో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది.

"గట్ల కొట్టినట్టు అనకు. జర గుంజాలె. దాఆ... సూడు, దాఆ బిడ్డా. లోపల పావురం ఉన్నట్టు అనాలె."

"పావురమా?"

"పావురం అంటే పక్షి కాదు బిడ్డా. ప్రేమ. మా దిక్కు గట్లంటం."

ఆమెకు పాఠం రాసిచ్చిన నేను, అదే దుకాణంలో ఆమె ముందు కూర్చుని పాఠం చెప్పించుకున్నాను. అందులో నాకేమీ చిన్నతనం అనిపించలేదని అంటే అబద్ధం. మొదటి రెండు రోజులూ చాలానే అనిపించింది. మూడోరోజుకు నా నోరు తిరిగింది.

వీడియో కాల్‌లో నేను పాపను పిలవడం విని మా అమ్మ ఉలిక్కిపడింది. "ఏటే అది? దా ఏటి, దా?" అంది. ఆమెకు రెండు అక్షరాలు కలిపి ముద్దు చేసే హక్కు కూడా ఇవ్వని కూతురు, ఇప్పుడు సొంత ఊరి మాటే మార్చేసింది మరి. మా ఆయనకు మాత్రం పండగే. ఇన్నేళ్ల నా పోలీసుతనానికి పగ తీర్చుకున్నాడు. భోజనాల దగ్గర "దా, కూసో, జర పప్పెయ్యి" అని నన్నే పిలిచేవాడు.

నవంబరు దాకా ఏ మార్పూ లేదు. నేను ఒట్టి 'దా' అంటే పాప అలాగే చూసేది. పాత మాట కోసం నా పెదవులు వెతికేది. డిసెంబరులో ఒకరోజు ఊరికే, మరమరాలు కూడా లేకుండా, నేను వంటింట్లోంచి ధ్యాస లేక "దా" అంటే వచ్చేసింది. వచ్చి నిలబడ్డాక గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు. పరకాల అమ్మాయి నోట రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. పెద్దమ్మ పిలిస్తే రావడానికి సంక్రాంతి సెలవులు దాటాయి. పాప మొదటిసారి పీట దగ్గరికి నడిచి వెళ్లినప్పుడు, పెద్దమ్మ కొలుస్తున్న చక్కెర వదిలేసి, "వచ్చింది! నా బిడ్డ వచ్చింది!" అని దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చెప్పింది. వాళ్లకేమీ అర్థం కాలేదు. అయినా సంతోషించారు.

తెలిసినవాళ్లు పిలిస్తే రావడం ఒక ఎత్తు, తెలియనివాళ్లు పిలిస్తే రావడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాని కోసం రోజూ సాయంత్రం పాప చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్లేదాన్ని. ఒక్కొక్కరినీ అడిగేదాన్ని. అన్నా, మా పాపను ఒకసారి పిలవండి, మీరు మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. పంక్చర్ షాపతను సిగ్గుపడ్డాడు. టైలరు తన పని ఆపి మరీ పిలిచాడు. కొందరు మమ్మల్ని వింతగా చూశారు. చూడనిచ్చాను. కొన్ని రోజులు పాప వెళ్లేది, కొన్ని రోజులు నా చెయ్యే గట్టిగా పట్టుకునేది. జామకాయలామె దగ్గర మాత్రం ఎన్నిసార్లు పిలిచినా కదిలేది కాదు. ఆ రోజు పట్టుకున్న పట్టు గుర్తుండే ఉంటుంది.

మార్చి వచ్చింది. ఆమె బండి మీద జామకాయలు పోయి పుచ్చకాయలు వచ్చాయి. ఒక సాయంత్రం మేం ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే, నేను అడగకముందే, ఆమె చేతిలో కత్తి పక్కన పెట్టి, "దా బిడ్డా, దా" అంది. నేను పాప చెయ్యి వదిలాను. వదలడానికి నాకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో చెప్పలేను. పాప ఒక నిమిషం కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత నడిచింది. రోడ్డు వైపు కాదు. తిన్నగా బండి దగ్గరికి వెళ్లి, ఆమె ముందు నిలబడి, చెయ్యి చాపింది. ఆమె పుచ్చకాయ ముక్క పెట్టి, చేతి మీద మచ్చ నాకు చూపిస్తూ, "అప్పుడు దీన్ని తిన్నది, ఇప్పుడు గిది తింటాంది," అని నవ్వింది.

ఏప్రిల్‌లో మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. విశాఖకు బదిలీ మంజూరైంది. నా అర్జీని ఒక్క మాట కూడా మార్చకుండా కారణాల కింద జత చేశారు. మా అమ్మకు ఆయన అప్పటికే ఫోను చేసి చెప్పేశాడు. అమ్మ ఆ పాత టీచరు దగ్గర సమయం కూడా అడిగి పెట్టిందట.

నా అర్జీని నేనే మళ్లీ చదివాను. ఇక్కడి మాట పాపకు అర్థం కాదు. అలవాటైన భాష ఉన్నచోటే నిలబడుతుంది. రాసిన రోజున అందులో అక్షరం అబద్ధం లేదు. విశాఖలో ఇక్కడికంటే టీచర్లు ఎక్కువ, సదుపాయాలు ఎక్కువ. అది ఇప్పటికీ నిజమే. ఇక్కడ స్పీచ్ థెరపీకి మనిషి నెలకు రెండుసార్లు హైదరాబాదు నుంచి వస్తే వచ్చినట్టు. తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో ఎవరైనా చెప్తారు.

కానీ విశాఖలో మేముండేది నాలుగో అంతస్తు. తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. 'రా' అనే మాట పాపకు వచ్చింది నిజమే, అది నలుగురి నోట్లో ఉన్న మాట. నేను, ఆయన, అమ్మ, టీచరు. మేం నలుగురం కాక ఇంకెవరూ మా పాపను పిలవలేదు. పిలవనివ్వలేదు కూడా, నా నియమం అది. ఈ సంగతి నాకు అక్కడ ఉన్నన్నాళ్లూ తట్టనేలేదు. నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, అదీ నామీద నాకే.

"వెళ్లడం లేదు," అన్నాను.

మా ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. నా మొహం చూశాడు. వాదించి లాభం లేదని పెళ్లయిన ఏడాదిలోనే తెలుసుకున్న మనిషి. అయినా అడిగాడు, మీ అమ్మకు ఏం చెప్తావని. నేనే చెప్తాను, ఆవిడే ఇక్కడికి వస్తుంది, వచ్చి ఎలా కావాలంటే అలా పిలుచుకోమని చెప్తాను అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"బదిలీ వద్దని రాసివ్వాలి. మనమే అడిగి మనమే వద్దంటున్నాం. కారణం ఏం రాయను?"

"ఇక్కడ ఎవరు పిలిచినా మా అమ్మాయి వస్తుంది, అని రాయండి."

"హెడ్డాఫీసువాళ్లు దాన్నొక కారణం అంటారా?"

"అనకపోతే నేనొచ్చి మాట్లాడతానని కింద రాయండి," అన్నాను.